కేసు పడితే కనపడకుండా పోకండి

ఒక వానాకాలం సాయంత్రం ఒక ఫిట్టర్ మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో రెండు కాగితాలు. ఒకటి పోలీస్ స్టేషన్ నోటీసు. రెండోది తను పనిచేసే ఫ్యాక్టరీ ఇచ్చిన షోకాజ్. ఊళ్లో పొలం గట్టు తగాదా జరిగినప్పుడు బావమరిది పక్కన నిలబడ్డాడు. ఫిర్యాదులో ఇతని పేరు నాలుగో ముద్దాయిగా ఎక్కింది.

"పోలీసులొచ్చి అడిగి వెళ్లారని మా ఆవిడ ఫోన్ చేసింది సార్. షిఫ్టు దిగి ఇంటికి పోకుండా అటునుంచి అటే మా చిన్నమ్మ వాళ్ల ఊరు బస్సెక్కాను. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాను" అన్నాడు తల దించుకుని.

నోటీసు విప్పాను. అడ్డగించడం, కొట్టి గాయపరచడం. భారతీయ న్యాయ సంహితలో 126(2), 115(2) సెక్షన్లు. రెండింటిలోనూ బెయిలు హక్కుగా దొరుకుతుంది. ఫలానా రోజు స్టేషన్‌కు వచ్చి హాజరు కమ్మని అడిగారు, అంతే. ఆ తేదీ దాటిపోయి వారమైంది. నోటీసును అతను అప్పటిదాకా చదవనేలేదు. ఫ్యాక్టరీ షోకాజ్‌లో కేసు ఊసే లేదు. సెలవు పెట్టకుండా పన్నెండు రోజులు డ్యూటీకి ఎందుకు రాలేదని అడిగారు.

కోర్టుల చుట్టూ తిరిగే ఉద్యోగస్తుల్లో ఇలాంటి వాళ్లు చాలామంది. వాళ్ల ఉద్యోగం మీదికి కేసు తెచ్చిన ముప్పు కొంతే. భయంతో మొదటి వారంలో చేసిన పొరపాట్లు తెచ్చిందే ఎక్కువ. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారినా ముద్దాయికి ఉన్న ముఖ్యమైన హక్కులు అలాగే ఉన్నాయి.

ఎఫ్‌ఐఆర్‌లో పేరుంటే అరెస్టు చేసేస్తారా?

చేసి తీరాలని లేదు. 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో, పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఉంది కదా అని అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు అధికారి కాగితం మీద కారణాలు రాయాలి. అవసరం లేదనుకుంటే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద హాజరు నోటీసు ఇవ్వాలి. స్టేషన్లలో దీన్ని ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ 41ఏ నోటీసు అంటారు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ముందుగా చేయాల్సిన పని ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకోవడం. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. అందులో మూడు సంగతులు చూడండి: ఏ సెక్షన్లు పెట్టారు, మీరు చేశారని ఏం రాశారు, ఘటన ఏ రోజు ఏ వేళ జరిగిందన్నారు. ఆ వేళకు మీరు డ్యూటీలో ఉంటే హాజరు రికార్డు, గేటు రిజిస్టరు, సీసీ కెమెరా ఫుటేజీ మీకు సాక్ష్యం. ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు. దాన్ని భద్రపరచమని ఆ వారంలోనే రాతపూర్వకంగా అడగండి.

వీడియో కాల్ చేసి "నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు, కదలకు, ఈ అకౌంటుకు డబ్బు పంపు" అన్నారంటే వాడు దొంగ. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. ఫోన్ పెట్టేసి 1930కి చెప్పండి.

నోటీసు వచ్చింది. వెళ్లాలా?

వెళ్లాలి. నోటీసు ప్రకారం హాజరవుతూ ఉంటే, కారణాలు రాస్తే తప్ప మిమ్మల్ని అరెస్టు చేయడానికి వీల్లేదు. వెళ్లకపోతే అరెస్టుకు ఆ కారణం మీరే ఇచ్చినట్టు. ఆ రోజు నిజంగా కుదరకపోతే మరో తేదీ అడుగుతూ దరఖాస్తు రాసి, స్టేషన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

వెళ్లేముందు లాయరుతో మాట్లాడండి. పేరు, చిరునామా, ఉద్యోగం వంటివి నిజం చెప్పండి. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పమని ఎవరూ బలవంతపెట్టలేరు. రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిన రక్షణ అది. "ఈ ప్రశ్నకు మా లాయరుతో మాట్లాడి చెప్తానండీ" అని మర్యాదగా అనవచ్చు. మాట మార్చడం, అబద్ధం అల్లడం మాత్రం వద్దు. ఒక్క అబద్ధం దొరికితే తర్వాత చెప్పే నిజాన్నీ నమ్మరు.

దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద, చెప్పిన మనిషి సంతకం తీసుకోకూడదని చట్టం. "ఊరికే, ఫార్మాలిటీ" అంటూ తెల్లకాగితం ముందు పెడితే సంతకం చేయకండి. నోటీసు అందిందనో, వస్తువు స్వాధీనం చేసుకున్నారనో సంతకం అడిగితే చదివి చేయండి. కింద తేదీ, టైము మీ చేత్తో వేయండి. పోలీసు అధికారి దగ్గర చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అయితే "ఫలానా చోట పెట్టాను" అని మీరు చెప్పాక అక్కడ వస్తువు దొరికితే, దాని జాడ చెప్పిన ఆ మాట మేరకు చెల్లుతుంది.

అరెస్టు చేస్తే ఏం అడగాలి?

ఎందుకు అరెస్టు చేస్తున్నారో మీకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వమనండి. ఏ నేరంలోనైనా ఇది తప్పనిసరి అని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంట్లో ఎవరికి కబురు చేయాలో చెప్పండి. వాళ్లకు తెలియజేయడం పోలీసుల బాధ్యత. అరెస్టు మెమో మీద ఇంటి మనిషో, ఆ ప్రాంతంలో నలుగురూ ఎరిగిన మనిషో సాక్షి సంతకం చేయాలి. విచారణ జరుగుతున్నంతసేపూ లాయరు పక్కన కూర్చోకపోయినా, ఆ సమయంలో లాయరును కలిసే హక్కు మీకుంది. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి మెజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి.

మెజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు "పోలీసులు కొట్టారా?" అని అడుగుతారు. ఆ ఒక్క నిమిషం చాలా విలువైనది. వెనక పోలీసులు నిలబడి ఉన్నారని చాలామంది తల అడ్డంగా ఊపేస్తారు. కొట్టి ఉంటే చెప్పండి, దెబ్బ చూపించండి. అప్పుడు రికార్డుకెక్కని మాటను తర్వాత ఎక్కించడం చాలా కష్టం.

బెయిలుకు ఎవరిని తీసుకురావాలి?

బెయిలబుల్ నేరమైతే జామీను ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి. జామీను తెచ్చుకునే స్తోమత లేని పేదవాడిని సొంత పూచీకత్తు మీద వదలాలి. అరెస్టైన వారం లోపల జామీను తెచ్చుకోలేకపోతే స్తోమత లేనట్టే లెక్క. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు. ఇవ్వాలో వద్దో కోర్టు నిర్ణయిస్తుందని అర్థం. అరెస్టు చేస్తారని నమ్మకమైన భయం ఉంటే ముందస్తు బెయిలుకు సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లవచ్చు. లోపల ఉన్న మనిషి మీద గడువులో చార్జిషీటు వేయకపోతే, అడిగితే బెయిలు ఇచ్చి తీరాలి. ఆ గడువు పదేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజులు.

సాధారణంగా కోర్టు ఇద్దరు జామీనుదార్లను అడుగుతుంది. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌పుస్తకమో, జీతం సర్టిఫికెట్టో, వాటితోపాటు ఆధార్ తీసుకుని వాళ్లే రావాలి. బంధువుల్లో అలా రాగలిగినవాళ్లెవరో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆర్డరు మధ్యాహ్నం వచ్చినా జామీనుదారు పొద్దుగూకేలోగా రాలేకపోయినందుకు మరో రాత్రి జైల్లో గడిపినవాళ్లను చూశాను. కోర్టు గేటు దగ్గర నిలబడి "జామీను నేనేస్తాను, ఇంతివ్వు" అనేవాడి జోలికి పోకండి. అతని కాగితాలు దొంగవని తేలితే మీ మీద రెండో కేసు పడుతుంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేదు. ఎలా?

1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరుకు అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. హెల్ప్‌లైన్ 15100. డబ్బిచ్చి పెట్టుకున్న లాయరైనా, ఉచితంగా వచ్చిన లాయరైనా, వకాల్తా మీద సంతకం చేసే రోజే కేసు నంబరు, వాయిదా తేదీ రాసి ఇమ్మనండి. చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాల కాపీలు ముద్దాయికి కోర్టు ఉచితంగా ఇస్తుంది. ఒక సెట్టు మీ ఇంట్లో ఉండాలి.

ఆఫీసులో చెప్పాలా?

ప్రభుత్వ ఉద్యోగి అరెస్టైతే పై అధికారికి వెంటనే తెలియజేయాలి. 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. దాచిపెడితే అది మరో అభియోగమవుతుంది. ప్రైవేటు ఉద్యోగంలో మీ నియామకపు ఉత్తర్వు, కంపెనీ నియమావళి తీసి చదవండి. కేసు పడితే తెలియజేయాలని అందులో ఉంటే తెలియజేయాల్సిందే.

ఎక్కడ పనిచేసినా సెలవు దరఖాస్తు మాత్రం ఆగకూడదు. జైల్లో ఉంటే ఇంటివాళ్లు రాయవచ్చు. ఈమెయిల్ చేసి, మరో ప్రతి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. జ్వరమని రాయకండి. ఆ తేదీల్లో మీరెక్కడున్నారో కోర్టు కాగితాలు తర్వాత చెప్పేస్తాయి. "అత్యవసరమైన కోర్టు పని వల్ల ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు కోరుతున్నాను" అని రాస్తే చాలు.

అక్కడితో ఆపండి. మేనేజరు దయ తలుస్తాడని ఘటన అంతా వివరిస్తూ, "కోపంలో ఒక దెబ్బ వేశాను, క్షమించండి" అని రాసిస్తుంటారు కొందరు. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లకపోయినా మేనేజరుకు రాసిచ్చిన ఉత్తరం చెల్లుతుంది. ప్రాసిక్యూషన్ ఆ కాగితాన్ని మీ మీదే వాడవచ్చు. షోకాజ్‌కు గడువులోపే జవాబివ్వండి, కాని లాయరుకు చూపించి ఇవ్వండి.

సస్పెండ్ చేశారు. ఇల్లు ఎలా గడవాలి?

సస్పెన్షన్ శిక్ష కాదు. ఆ కాలంలో జీవనభృతి ఇవ్వాలి. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే సంస్థల్లో మొదటి 90 రోజులు జీతంలో 50 శాతం, ఆ తర్వాత జాప్యం మీ వల్ల కాకపోతే 75 శాతం. ప్రభుత్వ ఉద్యోగికి మొదట్లో సగం జీతపు సెలవుకు వచ్చేంత భృతి వస్తుంది. వేరే ఉద్యోగం చేయడం లేదని సర్టిఫికెట్ ఇస్తూ అడిగి తీసుకోండి. మూడు నెలల్లో చార్జ్ మెమో ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడో నెల దాటితే ఆ తీర్పును ఉదహరించి ఉత్తరం పెట్టండి.

కోర్టులో కేసు, సంస్థలో విచారణ రెండూ ఒకేసారి నడవవచ్చు. అయితే రెండింటిలో ఆరోపణ ఒకటే అయి, కేసు తీవ్రమైనదీ చిక్కుముడులున్నదీ అయితే కోర్టు తీర్పు వచ్చేదాకా విచారణ ఆపమని అడగవచ్చు. ఇది 1999లో భారత్ గోల్డ్ మైన్స్ కేసులో వచ్చిన మాట. కోలార్ బంగారు గనుల్లో సెక్యూరిటీ ఆఫీసరు ఇంట్లో 1985 జూన్‌లో పోలీసులు సోదా చేశారు. బంగారం దొరికిందన్నారు. మర్నాడే సస్పెండ్ చేశారు. జీవనభృతి ఇవ్వలేదు. ఆయన కేరళలోని ఇంటి నుంచి గనులకు వచ్చి విచారణకు హాజరయ్యే డబ్బు లేక రాలేకపోయాడు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. 1987 ఫిబ్రవరిలో క్రిమినల్ కోర్టు ఆ సోదానే నమ్మలేదు, నిర్దోషి అంది. ఉద్యోగం, జీతం బకాయిలు తిరిగి రావడానికి మరో పన్నెండేళ్లు పట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. జీవనభృతి ఇవ్వకపోవడం మనిషికి తనను తాను కాపాడుకునే దారి మూసేయడమేనని ఆ తీర్పు గుర్తించింది. భృతి ఆగిన మొదటి నెలే రాసి అడగమని నేను వెంటపడేది అందుకే.

ఒక హెచ్చరిక కూడా. కోర్టు వదిలేస్తే ఉద్యోగం దానంతటదే తిరిగి రాదు. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. సంస్థ విచారణలో అంత రుజువు అక్కర్లేదు. అందుకే "కేసు కొట్టేస్తారులే" అని సంస్థ విచారణను వదిలేయకండి. ప్రతి సిట్టింగుకు వెళ్లండి, సాక్షులను ప్రశ్నించండి.

డ్యూటీ ఉంటే వాయిదాకు వెళ్లకపోతే ఏమవుతుంది?

ముందే లాయరుకు చెబితే ఆ రోజుకు మినహాయింపు పిటిషన్ వేస్తారు. చెప్పకుండా మానేస్తే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది. బెయిలు మీద ఉండి కారణం లేకుండా రాకపోవడం దానికదే ఏడాది వరకు శిక్ష పడే నేరం. వారెంటు వచ్చిందని తెలిస్తే పోలీసులు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేదాకా ఆగకండి. లాయరును తీసుకుని మీరే కోర్టుకు వెళ్లి రీకాల్ చేయించుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్‌ఆర్ నంబరు కొడితే తర్వాతి వాయిదా మీ ఫోన్లోనే కనపడుతుంది.

ఫైన్ కట్టి వదిలించుకుంటే పోదా?

నన్ను అన్నిటికంటే భయపెట్టే ప్రశ్న ఇదే. పేకాట కేసో, తాగి బండి నడిపిన కేసో, చిన్న కొట్లాటో అయితే కోర్టులో పిలుపు వస్తుంది. "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడుగుతారు. సెలవు దొరకదు, రోజు కూలి పోతుంది, పక్కనున్నవాడు "ఒప్పేసుకో, వెయ్యో రెండు వేలో కట్టి పోదాం" అంటాడు. తల ఊపుతారు. కౌంటర్లో డబ్బు కట్టి రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి పోతారు. కేసు అయిపోయిందనుకుంటారు. ఆ తల ఊపడాన్ని కోర్టు రికార్డు నేరం రుజువై శిక్ష పడినట్టు రాసుకుంటుంది. మొదటిసారి తాగి బండి నడిపినందుకే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. డబ్బుతో పోయినా అది శిక్షే. తర్వాత ఏ ఫారంలోనైనా "శిక్ష పడిందా?" అంటే "అవును" అని రాయాల్సిందే.

తప్పు చేసి ఉంటే ఒప్పుకోవడం మంచిదే. ఒప్పుకోబోయేముందు దాని ఖరీదు తెలుసుకోమంటున్నాను. రాజీకి వీలున్న నేరమా అని లాయరును అడగండి. రాజీ కుదిరి కోర్టు నమోదు చేస్తే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. అది కుదరకపోతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించో, మంచి నడవడికకు పూచీ తీసుకునో వదలమని అడగవచ్చు. శిక్ష వల్ల చట్టప్రకారం వచ్చే అనర్హత అప్పుడు అంటదు. కానీ మీరు చేసిన పని మీద యజమాని చర్య తీసుకునే అవకాశం మాత్రం అప్పటికీ ఉంటుంది.

కొత్త ఉద్యోగం ఫారంలో కేసు సంగతి రాయాలా?

అడిగితే నిజం రాయాలి, అడిగిన మేరకు రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి దీన్ని వివరంగా చెప్పింది. ఫారం అడిగిన విషయాన్ని దాచినా అబద్ధం రాసినా ఉద్యోగం పోవచ్చు. చిన్న కేసును నిజాయితీగా రాస్తే దాన్ని మన్నించే వెసులుబాటు యజమానికి ఉంది. ఫారం మాటలు నిదానంగా చదవండి. "శిక్ష పడిందా?" వేరు, "కేసు పెండింగులో ఉందా?" వేరు, "ఎప్పుడైనా అరెస్టయ్యారా?" వేరు. మూడోదానికి, కేసు కొట్టేసినా సరే, "అవును, నిర్దోషిగా విడుదలయ్యాను" అనే రాయాలి. తీర్పు కాపీ జతచేయండి.

గల్ఫ్‌కు వెళ్లే తమ్ముళ్లకు ఒక మాట. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపే అధికారం 1967 పాస్‌పోర్టు చట్టంలో ఉంది. అయితే కేసు నడుస్తున్న కోర్టు విదేశానికి వెళ్లడానికి అనుమతిస్తే పాస్‌పోర్టు పొందే వీలు 1993 నోటిఫికేషన్ కల్పించింది. ఏజెంటు "కేసు లేదని టిక్కు పెట్టెయ్" అంటే వినకండి. అప్పు చేసి టికెట్టు కొన్నాక విమానాశ్రయంలో ఆపితే పోయేది మీ డబ్బే. ముందు కోర్టులో పిటిషన్, తర్వాతే ఏజెంటు.

ఆ ఫిట్టర్ సంగతి

మర్నాడు పొద్దున్నే అతన్ని తీసుకుని స్టేషన్‌కు వెళ్లాను. ఆలస్యానికి కారణం రాసిచ్చాం. జామీను మీద గంటన్నరలో బయటికి వచ్చాడు. పన్నెండు రోజులు నిద్ర లేకుండా దాక్కున్నది ఆ గంటన్నర కోసం. ఫ్యాక్టరీకి క్షమాపణ చెబుతూ, కేసు వివరాల జోలికి పోకుండా జవాబిచ్చాం. ఆ రోజుల జీతం కోసి హెచ్చరిక ఉత్తరంతో వదిలేశారు.

కేసు కోర్టుకొచ్చిన రోజు అతను నా చెవి దగ్గర అడిగింది కూడా అదే: "ఫైన్ కట్టి పోదామా సార్?" వద్దన్నాను. రెండు వాయిదాల తర్వాత గట్టు తగాదా పెద్దమనుషుల దగ్గర తేలింది, లోక్ అదాలత్‌లో రాజీ నమోదైంది. ఆర్డరు కాపీ చేతికిచ్చి, జాగ్రత్తగా దాచుకో అన్నాను. ఈసారి అక్కడే నిలబడి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. తర్వాత మడిచి, ఆ పాత పాలిథిన్ కవర్లోనే పెట్టుకున్నాడు.